కోట్ల ఏళ్ల నుంచి అటోసెకను దాకా: కాలం కొలతల్ని తప్పు పోకుండా మార్చుకోవడం ఎలా

విశ్వం వయసు దాదాపు 1380 కోట్ల సంవత్సరాలు. మరి అది ఎన్ని అటోసెకన్లు (అటోసెకను అంటే 10⁻¹⁸ సెకను)? ఇలాంటి ప్రశ్న చూడగానే చాలామంది కాలిక్యులేటర్ తీసి వరసగా సున్నాలు కొట్టడం మొదలుపెడతారు, లెక్క చెడేది సరిగ్గా అక్కడే. స్క్రీన్ మీద పట్టినన్ని సున్నాలు పట్టి మిగతావి రాలిపోతాయి, చివరికి వచ్చిన జవాబు వెయ్యి రెట్లు ఎక్కువైందో తక్కువైందో కూడా చెప్పలేం. నిజానికి ఇది కాగితం మీద రెండు లైన్ల పని, గుణకారం కూడా ఒక్కటే ఉంటుంది.

పద్ధతి చాలా చిన్నది. మీ దగ్గరున్న కాలం ఏ కొలతలో ఉన్నా ముందు సెకన్లలోకి తెచ్చేయండి, అక్కడి నుంచి కావలసిన కొలతలోకి వెళ్లండి. సంవత్సరం నుంచి ఫెమ్టోసెకనుకి (10⁻¹⁵ సెకను) నేరుగా దూకే గుణకాలు బట్టీ పట్టాల్సిన అవసరం లేదు, అసలు పట్టకపోవడమే మంచిది, ఎందుకంటే అలాంటివి డజన్ల కొద్దీ ఉంటాయి, ఒకటి తప్పు గుర్తున్నా తెలిసే దారి ఉండదు. సెకనుని మధ్యలో పెట్టుకుంటే గుర్తుంచుకోవాల్సినవి తగ్గిపోతాయి: పెద్ద వైపు సంవత్సరానికి ఎన్ని సెకన్లు అన్నది ఒకటి, చిన్న వైపు పేర్ల వరస ఒకటి. అంతే.

పెద్ద వైపు: ముందు ఏ సంవత్సరమో తేల్చుకోండి

రోజుకి 86,400 సెకన్లు. దాన్ని 365తో గుణిస్తే 3,15,36,000. కానీ ఖగోళ శాస్త్రంలో మామూలుగా వాడేది జూలియన్ సంవత్సరం, అంటే కచ్చితంగా 365.25 రోజులు, 3,15,57,600 సెకన్లు. కాంతి సంవత్సరం నిర్వచనంలో ఉన్నదీ ఇదే. రుతువులతో నడిచే సంవత్సరం దీనికంటే దాదాపు 675 సెకన్లు తక్కువ, అంటే పదకొండు నిమిషాల పైచిలుకు. నక్షత్రాల నేపథ్యంలో భూమి సూర్యుడి చుట్టూ తిరిగి రావడానికి పట్టే కాలం మాత్రం జూలియన్ సంవత్సరం కంటే ఇంకో 550 సెకన్లు ఎక్కువ.

ఇంత చిన్న తేడా పట్టించుకోవాలా? అది మీ చేతిలో ఉన్న సంఖ్య ఎంత కచ్చితమైనదో దాన్ని బట్టి ఉంటుంది. విశ్వం వయసులోనే రెండు కోట్ల సంవత్సరాలు అటూ ఇటూ ఉంటుందని కొలిచినవాళ్లే చెబుతున్నారు, అక్కడ సంవత్సరానికి 365 రోజులు తీసుకున్నా 365.25 తీసుకున్నా జవాబులో ఏమీ మారదు. అదే బి1937+21 అనే పల్సర్‌ని తీసుకోండి. పల్సర్ అంటే గిరగిరా తిరుగుతూ క్రమంగా రేడియో స్పందనలు పంపే నక్షత్ర శేషం. దీన్ని 1982లో కనుక్కున్నారు, ఒక చుట్టు తిరగడానికి దానికి 1.5578 మిల్లీసెకన్లు చాలు. ఒక సంవత్సరంలో అది ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కేస్తూ మీరు 365.25కి బదులు 365 వేశారనుకోండి, ఆరు గంటలు పోయాయి, వాటితో పాటు ఒక కోటీ 39 లక్షల చుట్లు గల్లంతయ్యాయి. పల్సర్ పరిశీలించేవాళ్లు ఒక్క చుట్టు కూడా వదలకుండా లెక్కపెడతారు. అందుకే లెక్క మొదలుపెట్టకముందే ఏ సంవత్సరం వాడుతున్నారో పక్కన రాసి పెట్టుకోండి. ప్రత్యేకంగా ఏమీ చెప్పకపోతే జూలియన్ సంవత్సరమే వేసుకోవచ్చు.

రెండు తేదీల మధ్య ఎన్ని సెకన్లు అని లెక్కేస్తున్నట్టయితే ఇంకో విషయం. 1972 నుంచి 2016 చివరి దాకా గడియారాలకి 27 లీప్ సెకన్లు, అంటే భూమి భ్రమణంతో గడియారాలు కలిసి నడవడానికి వేసే అదనపు సెకన్లు, కలిపారు. రోజుల్ని 86,400తో గుణించి ఊరుకుంటే అవి లెక్కలోకి రావు. 27 సెకన్లేగా అనిపిస్తుంది, ఫెమ్టోసెకన్లలో అది 2.7×10¹⁶.

పెద్ద సంఖ్యల పేర్ల దగ్గర కూడా జాగ్రత్త కావాలి. చదివేవాటిలో మిలియన్లు, బిలియన్లు ఉంటాయి, మన నోట్లో లక్షలు, కోట్లు తిరుగుతాయి, ఈ రెంటి మధ్య పదింతలు, వందింతలు జారిపోవడం చాలా తేలిక. అందుకని పేరు చూసిన వెంటనే ఘాతం రాసేయండి: లక్ష 10⁵, మిలియన్ 10⁶, కోటి 10⁷, బిలియన్ 10⁹, ట్రిలియన్ 10¹². ట్రిలియన్ అంటే లక్ష కోట్లు. 13.8 బిలియన్ సంవత్సరాలు, 1380 కోట్ల సంవత్సరాలు, రెండూ 1.38×10¹⁰ అని కాగితం మీద పడ్డాక ఇక తికమక ఉండదు.

చిన్న వైపు: మూడేసి మెట్లు

ఇక్కడ పని తేలిక, ప్రతి పేరూ ముందు పేరులో వెయ్యో వంతు. మిల్లీ 10⁻³, మైక్రో 10⁻⁶, నానో 10⁻⁹, పికో 10⁻¹², ఫెమ్టో 10⁻¹⁵, అటో 10⁻¹⁸, జెప్టో 10⁻²¹, యోక్టో 10⁻²⁴. 2022 నవంబరులో రోంటో 10⁻²⁷, క్వెక్టో 10⁻³⁰ కూడా అధికారికంగా చేరాయి, కాకపోతే కాలం కొలతల్లో వాటి అవసరం ఇంకా అరుదే. వీటన్నిటికీ అవతల ప్లాంక్ కాలం ఉంది, భౌతికశాస్త్ర మూల స్థిరాంకాల నుంచి వచ్చే అతి చిన్న కాల ప్రమాణం, 5.39×10⁻⁴⁴ సెకన్లు, దాన్ని ఏ పేరుతోనూ కలపకుండా నేరుగా సెకన్లలోనే రాస్తారు.

ఈ వరసలో రాని పాత పేర్లు ఒకటి రెండు తగులుతాయి. అణు భౌతికంలో షేక్ అంటే 10 నానోసెకన్లు. పరమాణువుల లెక్కల్లో వాడే పరమాణు కాల ప్రమాణం 24.19 అటోసెకన్లు. ఇవి కనిపించినా చేయాల్సింది అదే, ముందు సెకన్లలోకి తెచ్చేయడం.

ఎక్కువమంది తడబడేది గుణించాలా భాగించాలా అన్న చోట. నియమం బట్టీ పట్టేకంటే ఒక్క క్షణం ఆలోచించండి: కొలత చిన్నదైతే సంఖ్య పెద్దదవ్వాలి. సెకన్ల నుంచి అటోసెకన్లకి వెళ్తున్నారు, అంటే చిన్న కొలతలోకి, కాబట్టి 10¹⁸తో గుణించాలి. అటోసెకన్ల నుంచి సెకన్లకి వస్తుంటే 10⁻¹⁸తో గుణించాలి. జవాబు వచ్చాక ఇదే ప్రశ్న ఇంకోసారి వేసుకోండి, సంఖ్య పెరగాల్సిన చోట తగ్గిందంటే ఘాతం గుర్తు తిరగబడిందని అర్థం.

ఇప్పుడు మొదటి లెక్క

సంఖ్యని రెండు ముక్కలుగా చూడండి. ముందు భాగం 1కి 10కి మధ్య ఉండే మామూలు సంఖ్య, వెనక భాగం పది ఘాతం. ముందు భాగాల్ని విడిగా గుణించండి, ఘాతాల్ని విడిగా కూడండి, రెంటినీ ఎప్పుడూ కలిపి చేయకండి.

1.38×10¹⁰ సంవత్సరాలు × 3.156×10⁷ సెకన్లు
ముందు భాగాలు: 1.38 × 3.156 = 4.355
ఘాతాలు: 10 + 7 = 17

అంటే 4.36×10¹⁷ సెకన్లు. అటోసెకన్లు కావాలంటే ఘాతానికి 18 కలపండి, 4.36×10³⁵. లెక్క అయిపోయింది. మూడు అంకెల వయసుతో మొదలుపెట్టాం కాబట్టి జవాబులో కూడా మూడు అంకెలే ఉంచాలి. కాలిక్యులేటర్ పది అంకెలు చూపించిందని అవన్నీ రాసేస్తే, ఎవరూ కొలవని కచ్చితత్వం మనం కల్పించినట్టు అవుతుంది.

వెనక్కి వచ్చేటప్పుడు భాగించాలి. 10¹⁸ సెకన్లు ఎన్ని సంవత్సరాలు? 1ని 3.156తో భాగిస్తే 0.3169, ఘాతం 18 − 7 = 11. 0.3169×10¹¹ అంటే 3.169×10¹⁰, మన భాషలో 3169 కోట్ల సంవత్సరాలు. ముందు భాగం 1 కంటే తక్కువ వచ్చినప్పుడు చుక్కని ఒక స్థానం కుడికి జరిపి ఘాతంలో ఒకటి తగ్గించాలి, ఈ ఒక్క అడుగు మర్చిపోవడం వల్లే పదింతల తప్పులు ఎక్కువగా వస్తాయి.

ఈ రెండు లెక్కలూ చేతిలో ఉంటే ఒక ప్రసిద్ధమైన మాటని మనమే సరిచూసుకోవచ్చు. 2023లో అటోసెకను కాంతి స్పందనల మీద చేసిన పనికి పియెర్ అగోస్తిని, ఫెరెంక్ క్రౌస్, ఆన్ ల్యూలియేలకి భౌతికశాస్త్ర నోబెల్ ఇచ్చినప్పుడు, ఒక సెకనులో ఎన్ని అటోసెకన్లు ఉంటాయో విశ్వం పుట్టినప్పటి నుంచి దాదాపు అన్ని సెకన్లు గడిచాయి అని అన్నిచోట్లా రాశారు. సెకనులో అటోసెకన్లు 10¹⁸. విశ్వం వయసులో సెకన్లు 4.36×10¹⁷. అంటే అటోసెకన్లే రెండు రెట్ల కంటే కాస్త ఎక్కువ, కచ్చితంగా చూస్తే 2.3 రెట్లు. మాట తప్పేమీ కాదు, ఇంత పెద్ద సంఖ్యల్లో రెండింతలు అంటే చాలా దగ్గర. కానీ దాదాపు అన్న మాట వెనక ఎంత ఉందో మనకి తెలిసి చెప్పడం వేరు కదా.

ఋణ ఘాతంతో భాగించడం ఇంకో చోటు. విశ్వం వయసులో ఎన్ని ప్లాంక్ కాలాలు? 4.36×10¹⁷ని 5.39×10⁻⁴⁴తో భాగించాలి. ముందు భాగం 0.809. ఘాతం 17 − (−44), అంటే 61. ఇక్కడ తొందరలో 17 − 44 అని రాసి −27 తెచ్చుకునేవాళ్లు ఉంటారు, ఆ జవాబు ప్రకారం విశ్వం వయసు ఒక ప్లాంక్ కాలంలో ఎక్కడో చిన్న ముక్క అవుతుంది, ఆ మాట పైకి ఒకసారి చదివితే చాలు, తప్పు దొరికిపోతుంది. సరైన జవాబు 8.1×10⁶⁰.

కాగితం కూడా లేకుండా

సంవత్సరానికి 3.156×10⁷ సెకన్లు అన్నాం. 10కి వర్గమూలం 3.162. రెండూ దాదాపు ఒకటే, తేడా వందకి 0.2 మాత్రమే. అంటే సంవత్సరం దాదాపు 10^7.5 సెకన్లు. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే నచ్చేది ఇదే. సంవత్సరాల నుంచి సెకన్లకి వెళ్లాలంటే ఘాతానికి ఏడున్నర కలపండి, అటోసెకన్లకి వెళ్లాలంటే ఇరవై ఐదున్నర, ఫెమ్టోసెకన్లకి ఇరవై రెండున్నర. చివర అర మిగిలితే దాన్ని 3.16గా చదువుకోండి. వెయ్యి సంవత్సరాలు ఎన్ని ఫెమ్టోసెకన్లు? 3 + 22.5 = 25.5, అంటే 3.16×10²⁵. నోటితోనే అయిపోయింది. సంవత్సరం అంటే π (3.14) సార్లు కోటి సెకన్లు అని గుర్తుపెట్టుకునేవాళ్లు కూడా ఉన్నారు, అదీ పనికొస్తుంది కానీ తేడా దాదాపు అర శాతం ఉంటుంది, ఘాతాల్లో ఆలోచించేటప్పుడు ఏడున్నరే సుఖం.

ముందు భాగం 1 కాకపోయినా ఇది నడుస్తుంది, 2కి 0.30, 3కి 0.48, 5కి 0.70, 7కి 0.85 అని నాలుగు సంవర్గమానాలు తెలిస్తే చాలు. భూమి వయసు 454 కోట్ల సంవత్సరాలు, దాన్ని 5×10⁹ అనుకుంటే ఘాతం 9.70. దానికి 7.5 కలిపితే 17.2, అంటే 10¹⁷కి కాస్త పైన, 1.6×10¹⁷ సెకన్ల దగ్గర. అసలు లెక్క 1.43×10¹⁷. వయసుని పైకి సవరించాం కాబట్టి ఆ మేరకే ఎక్కువ వచ్చింది. పెద్ద లెక్క చేసిన ప్రతిసారీ పక్కన ఇలా ఒక ముతక అంచనా వేసుకోండి, రెండు ఘాతాలూ కలవకపోతే ఎక్కడో సున్నా జారింది.

ఒక కాలాన్ని ఇంకోదానిలోకి కుదించడం

మార్పిడి నేర్చుకున్నాక చేసుకోగలిగిన మంచి పని ఇది. విశ్వం వయసు మొత్తాన్ని ఒక్క సెకనుకి కుదిస్తే ఏది ఎంత అవుతుంది? 1ని 1.38×10¹⁰తో భాగించండి, ఒక సంవత్సరం 7.25×10⁻¹¹ సెకన్లు, అంటే 72.5 పికోసెకన్లు అవుతుంది. మిగతావన్నీ దీన్నుంచే వస్తాయి. భూమి వయసు 0.33 సెకను. ఎనభై ఏళ్లు బతికిన మనిషి జీవితం 5.8 నానోసెకన్లు. ఒక రోజు 198 ఫెమ్టోసెకన్లు. మనం ఇప్పుడు గడిపే ఒక్క సెకను 2.3 అటోసెకన్లు అవుతుంది. పైన నోబెల్ దగ్గర వచ్చిన 2.3 కూడా ఇదే, ఒకే నిష్పత్తిని రెండు వైపుల నుంచి చూశాం కాబట్టి అలా వచ్చి తీరాలి. ఇలా వేరే దారిలో అదే అంకె తగిలితే లెక్క మీద నమ్మకం కుదురుతుంది.

అటు నుంచి ఇటు కూడా చేయొచ్చు. ఒక ఫెమ్టోసెకనుని సెకనంత సాగదీస్తే అసలు సెకను 10¹⁵ సెకన్లు అవుతుంది, అంటే 3.17 కోట్ల సంవత్సరాలు. రసాయన చర్యల్లో పరమాణువులు కదిలే తీరుని ఈ ఫెమ్టోసెకన్ల స్థాయిలో చూసినందుకే అహ్మద్ జెవైల్‌కి 1999లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది.

కాంతిని కొలబద్దగా వాడుకోవడం

అతి చిన్న కాలాలు చాలాసార్లు కాలంగా కాకుండా దూరంగానో తరంగదైర్ఘ్యంగానో చేతికొస్తాయి. అప్పుడు కాంతి వేగం మధ్యవర్తి. నానోసెకనులో కాంతి 30 సెంటీమీటర్లు పోతుంది, పికోసెకనులో 0.3 మిల్లీమీటర్లు, ఫెమ్టోసెకనులో 300 నానోమీటర్లు, అటోసెకనులో 0.3 నానోమీటర్లు. లేజర్ తరంగదైర్ఘ్యం 800 నానోమీటర్లు అని చెబితే దాన్ని 300తో భాగించండి, ఒక డోలనానికి పట్టే కాలం 2.67 ఫెమ్టోసెకన్లు అని వెంటనే తెలుస్తుంది. హైడ్రోజన్ అణువులో రెండు పరమాణువుల మధ్య దూరం 0.074 నానోమీటర్లు. దీన్ని 0.29979తో భాగిస్తే 0.247 అటోసెకన్లు, అంటే 247 జెప్టోసెకన్లు. కాంతి ఆ అణువుని దాటడానికి పట్టే ఈ కాలాన్ని 2020లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్న విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు హాంబుర్గ్ లో ప్రయోగం చేసి కొలిచారు, 247 జెప్టోసెకన్లే వచ్చింది.

పెద్ద వైపు కూడా అంతే. సూర్యుడి నుంచి భూమికి వెలుగు రావడానికి 499 సెకన్లు పడుతుంది. ఫెమ్టోసెకన్లలో 4.99×10¹⁷. పైన విశ్వం వయసు 4.36×10¹⁷ సెకన్లు అని చూశాం, అంటే సూర్యకాంతి ప్రయాణంలో ఫెమ్టోసెకన్లు, విశ్వం చరిత్రలో సెకన్లు దాదాపు ఒకే లెక్కలో ఉన్నాయి. ఇది కేవలం యాదృచ్ఛికమే, కానీ గుర్తుంచుకోవడానికి బాగుంటుంది. ఒక్క హెచ్చరిక: కాంతి సంవత్సరం కాలం కాదు, దూరం. దాన్ని పొరపాటున కూడా సెకన్లలోకి మార్చకండి.

కణ భౌతికంలో అయితే కణం జీవితకాలం బదులు శక్తి వెడల్పు ఇస్తారు, అంటే ఆ కణం శక్తి ఎంత మేర అటూ ఇటూ పరుచుకుని ఉంటుందో ఆ కొలత; కణం ఎంత తక్కువ కాలం బతికితే అది అంత ఎక్కువ. 6.58×10⁻²⁵ని ఆ వెడల్పుతో భాగిస్తే చాలు, వెడల్పు గిగా ఎలక్ట్రాన్ వోల్ట్‌లలో ఉంటే జవాబు సెకన్లలో వస్తుంది. బలహీన కేంద్రక బలాన్ని మోసే డబ్ల్యూ బోసాన్ అనే కణం వెడల్పు 2.085. భాగిస్తే 3.16×10⁻²⁵ సెకన్లు. ఇప్పుడు దీన్ని సంవత్సరాల్లోకి మార్చి చూడండి, 3.16ని 3.16తో భాగించాలి, ముందు భాగం 1, ఘాతం −25 − 7, అంటే 10⁻³² సంవత్సరాలు. ఒక సంవత్సరంలో ఆ కణం జీవితకాలాలు 10³² పడతాయన్నమాట.

కంప్యూటర్‌తో చేసేటప్పుడు

కాలిక్యులేటర్‌లో ఘాతం బటన్ నొక్కే ముందు 10 కొట్టకండి. 10¹⁸ కావాలంటే 1, ఘాతం బటన్, 18. ముందు 10 కొడితే అది 10¹⁹ అయిపోతుంది. స్ప్రెడ్‌షీట్ పదిహేను అంకెలే దాచుకుంటుంది, మిగతా స్థానాల్లో సున్నాలు నింపేస్తుంది. ప్రోగ్రామ్ రాసేవాళ్లకి ఇంకో సమస్య: మామూలు 64 బిట్ల దశాంశ సంఖ్యలో విశ్వం వయసుని సెకన్లలో పెడితే, అంత పెద్ద సంఖ్య దగ్గర పక్క పక్క విలువల మధ్య ఎడం 64 సెకన్లు ఉంటుంది. దానికి మీరు 20 సెకన్లు కలిపినా సంఖ్య కదలదు, ఎర్రర్ కూడా రాదు. ఇక అటోసెకన్లు కలపడం గురించి చెప్పేదేముంది.

64 బిట్ల పూర్ణాంకాల్లో పెడదామంటే అక్కడ హద్దు 9.22×10¹⁸. నానోసెకన్లలో అది 292 సంవత్సరాలు, పికోసెకన్లలో 106 రోజులు, ఫెమ్టోసెకన్లలో రెండున్నర గంటలు, అటోసెకన్లలో 9.2 సెకన్లు మాత్రమే. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో లెక్కలకి వాడే నంపై లైబ్రరీలో తేదీలకి అటోసెకను కొలత ఎంచుకుంటే నిజంగానే 1970 ఆరంభానికి అటు 9.2 సెకన్లు, ఇటు 9.2 సెకన్లు తప్ప వేరే కాలం పట్టదు. పైథాన్ సొంత పూర్ణాంకాలకి ఇలాంటి హద్దు లేదు కాబట్టి 13800000000 * 31557600 * 10**18 అని నేరుగా రాయండి (** అంటే ఘాతం), ఒక్క అంకె పోకుండా వస్తుంది. ఎక్కడా దశాంశ చుక్క పెట్టకండి, భాగహారం కావాలంటే రెండు గీతల (//) పూర్ణాంక భాగహారమే వాడండి, లేకపోతే మధ్యలో ఎక్కడో దశాంశ సంఖ్యగా మారిపోతుంది.

చేయి తిరగడానికి మూడు లెక్కలు ఇస్తున్నాను, కింద జవాబులు చూడకముందు ఏడున్నర పద్ధతిలో ఘాతం ఊహించండి. నక్షత్రాల లెక్కన భూమి ఒక చుట్టు తిరిగే కాలం 86,164 సెకన్లు, అది ఎన్ని పికోసెకన్లు? బిస్మత్-209 అర్ధజీవితం, అంటే అందులోని పరమాణువుల్లో సగం క్షయమవడానికి పట్టే కాలం, 2×10¹⁹ సంవత్సరాలు, అది ఎన్ని జెప్టోసెకన్లు? సూర్యుడు గెలాక్సీ కేంద్రం చుట్టూ తిరగడానికి పట్టే దాదాపు 23 కోట్ల సంవత్సరాల్లో ఎన్ని షేక్‌లు?

మొదటిదానికి 8.6164×10¹⁶, ఇక్కడ సంవత్సరం లేదు కాబట్టి ఏడున్నర అవసరం రాదు. రెండోదానికి 6×10⁴⁷, ఇచ్చిన సంఖ్యలో ఒకే అంకె ఉంది కాబట్టి 6.3 అని రాయకూడదు. మూడోదానికి ముందు 7.3×10¹⁵ సెకన్లు, దాన్ని 10⁻⁸తో భాగిస్తే 7.3×10²³.